వెలుపలి వరుసలో ఏడు ఎలక్ట్రానులు: గ్రామ మంచినీటి రసాయనము

గ్రామ ప్రజలకు మంచినీటిని సమకూర్చుట పంచాయతీ బాధ్యతలలో మిక్కిలి ముఖ్యమైనది. 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో త్రాగునీరు ఒకటి. ఈ బాధ్యతను వహించిన పంచాయతీ సభ్యులకు మూడు సందేహములు కలుగుట సహజము.

మొదటిది: నిరుడు కొనిన బ్లీచింగు పొడిని అదే కొలతతో ఈ యేడు బావిలో కలిపినను నీరు శుద్ధి కాకపోవుటకు కారణమేమి? రెండవది: బ్లీచింగు పొడికి కలరా క్రిములు నశించుచుండగా, అదే నీటిలోని ఫ్లోరైడు మాత్రము చెక్కుచెదరకుండుట ఏల? నీటిని మరగకాచినను అది పోకుండుట ఏల? మూడవది: మనము తినెడి ఉప్పులోను క్లోరినే కలదు గదా! బావిలో చిటికెడు ఉప్పు వేసినచో క్రిములు ఏల చావవు?

ఈ మూడు ప్రశ్నలకును సమాధానము ఒక్కచోటనే లభించును. అది పరమాణువు వెలుపలి కక్ష్యలోనున్న ఎలక్ట్రానుల లెక్క. ఇందులకై రసాయన శాస్త్రమునంతయు అభ్యసింపనక్కరలేదు. ఈ ఒక్క లెక్కను గ్రహించినచో బ్లీచింగు పొడిని ఎట్లు భద్రపరచవలెనో, ఏ నీటికి ఏ చికిత్స పనిచేయునో, ఏది పనిచేయదో సభ్యులు తమంతట తామే తెలిసికొనగలరు.

పరమాణువు నిర్మాణము

ఇనుము, బంగారము, గంధకము, ప్రాణవాయువు మొదలగు మూలపదార్థములను మూలకములందురు. ఇంతవరకు 118 మూలకములు గుర్తింపబడినవి. ఒక మూలకమును విభజించుచు పోగా, ఆ మూలకము యొక్క లక్షణములను నిలుపుకొనిన మిక్కిలి చిన్న కణమునకు పరమాణువని పేరు. ఒక మిల్లీమీటరు పొడవున పరమాణువులను ప్రక్కప్రక్కన పేర్చినచో పదుల లక్షలు పట్టును. అవి అంత సూక్ష్మమైనవి.

పరమాణువును మించి చిన్నది లేదని శాస్త్రజ్ఞులు చిరకాలము తలచిరి. 1897లో ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో జె. జె. థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు పరమాణువులోపల ఋణ విద్యుదావేశము గల కణములు కలవని నిరూపించెను. అవియే ఎలక్ట్రానులు. 1911లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ పరమాణువు నట్టనడుమ ధన విద్యుదావేశము గల చిన్న కేంద్రకమున్నదనియు, పరమాణువు బరువు దాదాపు అంతయు దానియందే కేంద్రీకృతమైయున్నదనియు తెలిపెను. 1913లో డెన్మార్కు దేశస్థుడగు నీల్స్ బోర్ ఎలక్ట్రానులు కేంద్రకము చుట్టును కొన్ని నియతమైన కక్ష్యలలో ఉండునని సిద్ధాంతీకరించెను. ఈ కక్ష్యలకే పాఠ్యగ్రంథములలో కర్పరములను పేరును కలదు. ఎలక్ట్రానులు సూర్యుని చుట్టు గ్రహములవలె తిరుగుట లేదనియు, వాని ఉనికి మేఘమువలె వ్యాపించియుండుననియు తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అయినను కక్ష్యల లెక్క మన ప్రస్తుత ప్రయోజనమునకు చాలును.

కేంద్రకములోని ధనావేశ కణములకు ప్రోటానులని పేరు. ఎన్ని ప్రోటానులు కలవో, చుట్టును అన్ని ఎలక్ట్రానులుండును. ఆ సంఖ్యనుబట్టియే మూలకము నిర్ణయమగును. ఉదజనికి 1, ప్రాణవాయువునకు 8, సోడియమునకు 11, క్లోరినునకు 17.

ఎనిమిది విస్తళ్ళ పంక్తి

ఎలక్ట్రానులు కక్ష్యలలో ఎట్లు సర్దుకొనునో తెలియుటకు పెండ్లియింటి పంక్తి భోజనమును తలచుకొనవచ్చును. మొదటి పంక్తిలో రెండు విస్తళ్ళు మాత్రమే వేసిరనుకొందము. అవి నిండినపిమ్మట వచ్చినవారు రెండవ పంక్తిలో కూర్చుందురు. అందు ఎనిమిది విస్తళ్ళు కలవు. అదియు నిండినచో మూడవ పంక్తి మొదలగును. మూడవ కక్ష్యలో 18 వరకును, నాలుగవ కక్ష్యలో 32 వరకును ఎలక్ట్రానులు పట్టును. కాని ఏ కక్ష్యయైనను చిట్టచివరి కక్ష్యగా నున్నంతకాలము అందు ఎనిమిదికి మించి ఉండవు. ఈ ఎనిమిది సంఖ్య ముఖ్యమైనది. దీనిని మరువరాదు.

చిట్టచివరి కక్ష్యలోని ఎలక్ట్రానులనే సంయోజక ఎలక్ట్రానులు లేక వేలన్సీ ఎలక్ట్రానులందురు. ఒక పరమాణువు మరియొక పరమాణువుతో కలియునపుడు సాధారణముగా ఈ వెలుపలి ఎలక్ట్రానులే వ్యవహారమును జరుపును. లోపలి కక్ష్యలలోనివి ఇంటిలోపల కూర్చున్నవారివలె వీధి వ్యవహారములలో పాల్గొనవు.

వెలుపలి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రానులు నిండియున్న పరమాణువునకు ఇతరులతో పని యుండదు. నియాను వాయువునందు 2, 8 గాను, ఆర్గాను వాయువునందు 2, 8, 8 గాను ఎలక్ట్రానులు కలవు. మనము పీల్చెడి గాలిలో సుమారు నూటికి ఒక వంతు ఆర్గానే. అది మన ఊపిరితిత్తులలోనికి పోయి, ఏ మార్పును చేయక, ఏ మార్పును పొందక, వెలుపలికి వచ్చుచున్నది. దాని పంక్తి నిండియుండుటయే ఇందులకు కారణము.

పంక్తి నిండని పరమాణువులు ఊరకుండవు. ఒకటి రెండు ఎలక్ట్రానులు మాత్రమే వెలుపల నున్నవి వానిని వదలించుకొనుటకు చూచును. ఒకటి రెండు తక్కువైనవి ఇతరులనుండి లాగికొనుటకు చూచును. ఇచ్చుట, పుచ్చుకొనుట సాధ్యము కానిచోట రెండు పరమాణువులు చెరియొక ఎలక్ట్రానును ఉమ్మడిలో వేసి పాలుపంచుకొనును. 1916లో జర్మనీలో వాల్టర్ కోసెల్, అమెరికాలో గిల్బర్ట్ లూయిస్ ఈ ఎనిమిదింటి సూత్రమును వివరించిరి. ఈ నియమమునకు అపవాదములు లేకపోలేదు. అయినను మన బావికిని, మన వంటింటికిని సంబంధించిన పదార్థములలో అధిక భాగము దీనికి లోబడియున్నది.

విషమునకు విషము కలిసి ఉప్పు

ఈ సూత్రమునకు నిత్యజీవితమునందలి ఉదాహరణము ఉప్పు. సోడియము పరమాణువులో 11 ఎలక్ట్రానులు 2, 8, 1 గా అమరియుండును. చివరి పంక్తిలో ఒంటరిగానున్న ఆ ఒక్క ఎలక్ట్రానును వదలించుకొనుటకు సోడియము సర్వదా సిద్ధముగా నుండును. అందువలననే సోడియము లోహపు ముక్కను నీటిలో వేసినచో బుసబుసమనుచు ప్రతిచర్య జరిగి మంట పుట్టును. దానిని కిరసనాయిలులో ముంచి భద్రపరతురు.

క్లోరిను పరమాణువులో 17 ఎలక్ట్రానులు 2, 8, 7 గా నుండును. చివరి పంక్తిలో ఒక్క విస్తరి ఖాళీ. అది ఎవరివద్దనైనను ఒక ఎలక్ట్రానును లాగికొనుటకు ఆరాటపడును. ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు గల ఈ వాయువు మిక్కిలి విషపూరితము. మొదటి ప్రపంచ యుద్ధములో 1915 ఏప్రిల్ 22వ తేదీన బెల్జియము దేశమునందలి ఈప్ర్ వద్ద జర్మను సేనలు దీనిని శత్రువులపైకి వదలెను.

సోడియము తన ఒక్క ఎలక్ట్రానును క్లోరినునకు ఇచ్చివేయగా, సోడియమునకు వెలుపల ఎనిమిది మిగిలినవి. క్లోరినునకు ఎనిమిది నిండినవి. ఇద్దరును తృప్తులైరి. ఎలక్ట్రానును పుచ్చుకొని తృప్తిచెందిన క్లోరినునకు క్లోరైడు అని పేరు. ఈ రెంటి కలయికయే మన వంటలలోని ఉప్పు. మండెడి లోహమును, ప్రాణము తీయు వాయువును కలియగా మనుష్యుడు తినదగిన పదార్థము ఏర్పడినది.

మూడవ ప్రశ్నకు సమాధానము ఇక్కడనే లభించినది. ఉప్పులోని క్లోరిను కడుపు నిండినది. దానికి క్రిములతో పనిలేదు. అందుచేత చిటికెడు ఉప్పు బావిని శుద్ధిచేయజాలదు. ఒకే మూలకము, ఒక్క ఎలక్ట్రాను తేడాచేత, ఆకలిగొన్నపుడు ఒక తీరునను, తృప్తిచెందినపుడు మరియొక తీరునను ప్రవర్తించుననుటయే సభ్యులు గుర్తుంచుకొనవలసిన మూల విషయము.

ఏడు ఎలక్ట్రానుల కుటుంబము

వెలుపలి కక్ష్యలో ఏడు ఎలక్ట్రానులు గల మూలకములన్నియు ఒక్క కుటుంబమునకు చెందినవి. ఈ కుటుంబమునకు హాలోజెనులని పేరు. వీనిలో ముఖ్యమైనవి నాలుగు.

ఫ్లోరిను: 9 ఎలక్ట్రానులు, 2, 7.
క్లోరిను: 17 ఎలక్ట్రానులు, 2, 8, 7.
బ్రోమిను: 35 ఎలక్ట్రానులు, 2, 8, 18, 7.
అయొడిను: 53 ఎలక్ట్రానులు, 2, 8, 18, 18, 7.

రష్యా దేశస్థుడగు మెండలీవ్ 1869లో మూలకములను వరుసగా పట్టికలో అమర్చినపుడు, గుణములలోని పోలికనుబట్టి క్లోరిను, బ్రోమిను, అయొడినులను ఒకే జాతిగా చేర్చెను. నాటికి ఎలక్ట్రానులను గూర్చి ఎవరికిని తెలియదు. తరువాతి కాలమున ఎలక్ట్రానుల లెక్క తేలినపుడు, ఆ పోలికకు మూలము వెలుపలి ఏడు ఎలక్ట్రానులేయని స్పష్టమైనది.

సోదరులు ఒక తీరువారైనను బలములో సమానులు కారు. ఫ్లోరినునకు రెండే కక్ష్యలుండుటచేత దాని వెలుపలి కక్ష్య కేంద్రకమునకు మిక్కిలి సమీపముగా నున్నది. అందుచేత ఎలక్ట్రానులను లాగుటలో దానిని మించిన మూలకము లేదు. దానిని విడదీయుటకు ప్రయత్నించి పలువురు శాస్త్రజ్ఞులు గాయపడిరి. తుదకు 1886లో ఫ్రాన్సు దేశమున హెన్రీ మొయిసాన్ కృతకృత్యుడయ్యెను. క్లోరిను దానికంటె కొంత మెత్తనిది; 1774లో స్వీడను దేశమున షీలే దీనిని తయారుచేసెను. అయిదు కక్ష్యలు గల అయొడినులో వెలుపలి కక్ష్య కేంద్రకమునకు దూరముగా నుండుటచేత లాగెడి శక్తి మరింత తక్కువ. 1811లో ఫ్రాన్సులో కూర్త్వా సముద్రపు నాచు బూడిదనుండి దీనిని కనుగొనెను.

ఈ నలుగురిలో ముగ్గురు మన గ్రామములలోనికి వచ్చుచున్నారు. క్లోరిను బ్లీచింగు పొడిలో వచ్చును. ఫ్లోరిను భూగర్భజలములో ఫ్లోరైడుగా వచ్చును. అయొడిను ఉప్పు పొట్లములో వచ్చును. ఒకడు రక్షకుడు, ఒకడు మితిమీరినచో శత్రువు, ఒకడు లోపించినచో కీడు కలుగును.

బ్లీచింగు పొడిలోని ఆకలి

బ్లీచింగు పొడిని పొడి సున్నముపైకి క్లోరిను వాయువును పంపి తయారుచేయుదురు. ఇందు క్లోరిను ప్రాణవాయువుతో ఒక జత ఎలక్ట్రానులను పంచుకొనియుండును. కాని ప్రాణవాయువు బలవంతుడగు పాలివాడు. ఉమ్మడి ఎలక్ట్రానులను తనవైపునకు ఎక్కువగా లాగికొనును. అందుచేత ఇందలి క్లోరిను పేరునకు మాత్రమే పాలివాడు. దాని కొరత తీరలేదు. ఈ పొడిని నీటిలో కలిపినపుడు హైపోక్లోరస్ ఆమ్లము పుట్టును. ఇది క్రిములలోనికి చొచ్చి, వాని జీవమునకు ఆధారమైన పదార్థములనుండి ఎలక్ట్రానులను లాగివేయును. క్రిములు నశించును. ఆ పనిలో క్లోరిను తృప్తిచెంది క్లోరైడుగా మారిపోవును.

1897లో, థామ్సన్ ఎలక్ట్రానును కనుగొనిన ఆ సంవత్సరమే, ఇంగ్లండులోని మెయిడ్‌స్టన్ పట్టణములో టైఫాయిడు వ్యాపింపగా నీటి గొట్టములను శుద్ధిచేయుటకు బ్లీచింగు పొడిని వాడిరి. 1908లో అమెరికాలోని జెర్సీ నగరమున నిత్యము నీటిలో క్లోరినును కలుపు పద్ధతి ప్రారంభమైనది. తదాది అది లోకమంతటను వ్యాపించినది.

క్లోరిను పనిచేయుకొలది ఖర్చగును. ఈ చిన్న సత్యమునుండి మూడు ముఖ్య విషయములు తేలుచున్నవి.

మొదటిది, క్లోరిను క్రిములను మాత్రమే వెదకికొని పోదు. నీటిలోని ఆకులు, చెత్త, బురద, పేడ ఏది కనబడినను దానినుండియే ఎలక్ట్రానులను లాగికొని తృప్తిచెందును. బురదనీటిలో పొడి వేసినచో క్లోరిను బురదతోనే ఖర్చగును, క్రిములు మిగిలిపోవును. కావున బావిని, ట్యాంకును ముందుగా శుభ్రము చేయింపవలెను.

రెండవది, సంచిలోనున్నపుడును పొడి క్షీణించును. గాలి, తేమ, వెలుతురు, వేడి దానిలోని క్లోరినును హరించును. తాజా పొడిలో నూటికి సుమారు 33 వంతుల క్లోరిను లభించును. మూతి విప్పిన సంచి వర్షాకాలమంతయు ఒక మూల పడియున్నచో అది సగమునకంటెను తగ్గిపోవచ్చును. మొదటి ప్రశ్నకు ఇదియే సమాధానము.

ఒక లెక్క చూతము. మంచి పొడి 2½ గ్రాములను 1,000 లీటర్ల నీటిలో కలిపినచో లీటరునకు సుమారు 0.8 మిల్లీగ్రాముల క్లోరిను చేరును. ఆ నీటిలోని చెత్తయు క్రిములును కలిసి లీటరునకు 0.5 మిల్లీగ్రాములను కాజేసినవనుకొందము. ఇంకను 0.3 మిల్లీగ్రాములు మిగులును. అది కాపలాగా నుండును. అదే 2½ గ్రాములు నూటికి 15 వంతుల క్లోరిను మాత్రమే మిగిలిన పాతపొడియైనచో, లీటరునకు 0.4 మిల్లీగ్రాములకంటె తక్కువయే చేరును. అది చాలదు, మిగులునది శూన్యము. పొడి వేసినట్లు రిజిష్టరులో వ్రాయబడును. నీరు మాత్రము శుద్ధి కాదు.

మూడవది, ఎంత పొడి వేసితిమనునది కాక, ఎంత క్లోరిను మిగిలినదనునదే పరీక్షింపవలసిన విషయము. ప్రజలకు నీరు అందుచోట లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము నిర్ణయించినది. పరీక్ష పెట్టెలోని మందును నీటిలో వేసినపుడు, మిగిలిన క్లోరిను ఆ మందునుండి ఎలక్ట్రానులను లాగుటచేత రంగు పుట్టును. రంగు పుట్టనిచో కాపలాదారుడు లేడని అర్థము. ట్యాంకు వద్దనే కాక, చిట్టచివరి వీధిలోని కుళాయివద్దను ఈ పరీక్షను చేయింపవలెను.

చేదబావికి కావలసిన పొడిని లెక్కించుట సులభము. బావి అడ్డుకొలతను అడ్డుకొలతతో హెచ్చించి, దానిని నీటి లోతుతో హెచ్చించి, మరల 3.14తో హెచ్చించి, నాలుగుతో భాగింపవలెను. కొలతలు మీటర్లలో నున్నచో వచ్చిన ఫలితము ఘనపు మీటర్లగును. ఒక ఘనపు మీటరు 1,000 లీటర్లు. 3 మీటర్ల అడ్డుకొలతయు 4 మీటర్ల నీటి లోతును గల బావిలో సుమారు 28,000 లీటర్ల నీరుండును. దానికి సుమారు 70 గ్రాముల మంచి పొడి కావలెను. ఆ పొడిని ప్లాస్టిక్ బక్కెటులో కొద్దినీటితో మెత్తని ముద్దచేసి, పిదప బక్కెటు ముప్పాతిక వరకు నీరు పోసి కలియబెట్టి, అయిదు పది నిమిషములు కదలకుండ ఉంచవలెను. అడుగున సున్నము పేరుకొనును. పైనున్న తేటను మాత్రమే మరియొక బక్కెటులోనికి వంచి బావిలో కలుపవలెను. సున్నపు మడ్డిని బావిలో పోయరాదు. గంటసేపు గడచిన పిమ్మటనే నీటిని తోడుకొననీయవలెను. ఇనుప పాత్రలను ఈ పనికి వాడరాదు. క్లోరిను ఇనుమునుండియు ఎలక్ట్రానులను లాగి తుప్పు పట్టించును. బ్లీచింగు పొడిని ఆమ్లములతో ఎన్నడును కలుపరాదు. కలిపినచో విషవాయువగు క్లోరిను వెలువడును.

తృప్తిచెందిన ఫ్లోరైడు

ఇక రెండవ ప్రశ్న. ఎలక్ట్రానులను లాగుటలో ఫ్లోరినును మించినది లేదని చెప్పియుంటిమి. అందువలననే ప్రకృతిలో అది తృప్తిచెందక సాధారణముగా కనబడదు. భూమిలోని గ్రానైటు మొదలగు శిలలలోని ఖనిజములందు అది ఒక ఎలక్ట్రానును అదివరకే పుచ్చుకొని ఫ్లోరైడుగా నున్నది. ఆ శిలల నడుమ చిరకాలము నిలిచిన భూగర్భజలములో అది కొంచెము కొంచెముగా కరగును. నీటికి రంగు మారదు, వాసన రాదు, రుచి చెడదు.

ఈ ఫ్లోరైడు ప్రాణి కాదు, చంపుటకు. ఆకలిగొన్నది కాదు, దేనినైనను ఆశచూపి మార్చుటకు. దాని పంక్తి నిండియున్నది. క్లోరిను దానికంటె బలహీనుడగు సోదరుడు. దానివద్దనుండి ఎలక్ట్రానును లాగజాలడు. కావున ఎంత బ్లీచింగు పొడి వేసినను ఫ్లోరైడు తగ్గదు. నీటిని కాచినను తగ్గదు సరికదా, ఆవిరిపోయిన నీటి మేరకు చిక్కబడును. లీటరునకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల 2 లీటర్ల నీటిని కాచి లీటరున్నరకు తెచ్చినచో, అది లీటరునకు 4 మిల్లీగ్రాములగును. ఫ్లోరైడును సంహరింపలేము, నీటినుండి తొలగింపవలెను, లేదా నీటినే మార్చవలెను.

అది ఎముకలకు హానిచేయు తీరును ఈ లెక్కచేతనే బోధపడును. మన దంతములు, ఎముకలు కాల్షియము, ఫాస్ఫేటులతో ఏర్పడినవి. వాని నిర్మాణములో ఉదజని, ప్రాణవాయువు కలిసిన హైడ్రాక్సిలు అను జంట ఒకచోట ఇమిడియుండును. అందు ఒక ఆవేశమును, మొత్తము 10 ఎలక్ట్రానులును ఉండును. ఫ్లోరైడునందును అదే ఆవేశము, అవే 10 ఎలక్ట్రానులు. పరిమాణములోను ఇంచుమించు సమానము. కావున ఒకే తాళమునకు సరిపడు మారు తాళపుచెవివలె ఫ్లోరైడు వచ్చి ఆ స్థానమును ఆక్రమించును. స్వల్పమైనచో దంతములకు మేలే. అధికమైనచో ఎదుగుచున్న పిల్లల దంతములపై మచ్చలు, గారలు ఏర్పడును. అనేక సంవత్సరములు అధికముగా శరీరములో చేరినచో కీళ్ళు బిగిసి, వెన్ను వంగి, మనుష్యుడు లేవలేని స్థితి కలుగును. ఒకసారి వంగిన ఎముకను చక్కజేయు మందు లేదు. వేడి ప్రదేశములలో ఎండలో పనిచేయువారు ఎక్కువ నీరు త్రాగుదురు గనుక వారికి ప్రమాదము అధికము.

ఈ వ్యాధికి ఫ్లోరోసిస్ అని పేరు. మన దేశములో 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో వైద్యులు దీనిని గుర్తించి ప్రకటించిరి. 1955లో నల్లగొండ జిల్లాలోని వ్యాధిగ్రస్తులను గూర్చిన వైద్య పరిశోధన ప్రచురితమైనది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాముకు మించకుండుట మంచిదనియు, వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాములకు ఎంతమాత్రమును మించరాదనియు భారతీయ ప్రమాణము విధించుచున్నది.

తొలగించుటకును వెలుపలి ఎలక్ట్రానులే తోడ్పడును. పటికలో అల్యూమినియము కలదు. దాని ఎలక్ట్రానులు 2, 8, 3. వెలుపలి మూడింటిని వదలుకొనిన అల్యూమినియమునకు మూడు ధనావేశములు కలుగును; ఋణావేశము గల ఫ్లోరైడు దానివైపునకు ఆకర్షింపబడును. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థవారు ఈ గుణమును వినియోగించి, నీటిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి తగిన పాళ్ళలో కలిపి కలియబెట్టి, అడుగునకు దిగిన తెట్టెతోపాటు ఫ్లోరైడును తొలగించు పద్ధతిని 1970 దశకములో రూపొందించిరి. దీనికి నల్లగొండ పద్ధతియని పేరు. మన జిల్లా దుఃఖము ప్రపంచమంతట తెలిసిన ఒక చికిత్సకు పేరిచ్చినది. ఇందు బ్లీచింగు పొడి క్రిములకొరకే. ఫ్లోరైడును తీసికొనిపోవునది పటికయే. పటిక పాళ్ళు నీటినిబట్టి మారును గనుక ఉజ్జాయింపుగా చేయరాదు. శిక్షణ పొందినవారే చేయవలెను. చికిత్సకు పిమ్మట నీటిని మరల పరీక్షింపవలెను.

నదీజలములలోను, వర్షపు నీటిలోను ఫ్లోరైడు సాధారణముగా మిక్కిలి తక్కువ. కావున దూరమునుండియైనను మంచి నీటిని తెచ్చుటయే శాశ్వతమైన ఉపాయము. తెలంగాణములో 2016లో ప్రారంభింపబడిన మిషన్ భగీరథ పథకము కృష్ణా గోదావరీ జలములను గొట్టములద్వారా గ్రామములకు చేర్చుటకు ఉద్దేశింపబడినది. అట్టి నీరు వచ్చినపిమ్మటను, పాత బోరునీటిని త్రాగుటకు, వంటకు వాడుచున్నచో ప్రయోజనము సిద్ధింపదు. ఆహారమునందు పాలు, రాగులు, ఆకుకూరలు సమృద్ధిగా నుండుట మేలు. వీనిలోని కాల్షియము, తన రెండు ఎలక్ట్రానులను ఇచ్చి ధనావేశము పొందినదగుటచేత, ఫ్లోరైడుతో కలిసి తేలికగా కరుగని పదార్థమగును. శరీరములో చేరెడి ఫ్లోరైడు కొంత తగ్గును.

ఉప్పులోని అయొడిను

మూడవ సోదరుడగు అయొడిను మనకు కావలసినది అత్యల్పము. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు, అనగా ఒక గ్రామును పదిలక్షల భాగములుచేసి అందు నూటయేబది భాగములు చాలును. మెడలోని థైరాయిడు గ్రంథి నాలుగు అయొడిను పరమాణువులు గల థైరాక్సిను అను పదార్థమును తయారుచేయును. అయొడిను లోపించినచో గళగండము ఏర్పడును. గర్భిణులకు లోపించినచో పుట్టెడి బిడ్డల బుద్ధివికాసమునకు తీరని భంగము కలుగును.

శ్రీకాకుళములో జన్మించిన సుప్రసిద్ధ వైద్యశాస్త్రజ్ఞుడు వులిమిరి రామలింగస్వామి 1956 నుండి హిమాలయ సానువులలోని కాంగ్రా లోయలో పరిశోధనలు జరిపి, అయొడిను కలిపిన ఉప్పు వాడుటచేత గళగండము తగ్గునని నిరూపించిరి. 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమము ప్రారంభమైనది. 2006 నుండి దేశమంతటను మనుష్యుల ఆహారమునకై అయొడిను లేని ఉప్పును అమ్ముట నిషేధింపబడినది. ఇంటికి చేరునప్పటికి పదిలక్షల వంతులలో కనీసము 15 వంతుల అయొడిను ఉప్పులో ఉండవలెను. తేమకును వేడికిని అయొడిను తరుగును గనుక ఉప్పును మూతగల పాత్రలో, పొయ్యికి దూరముగా నుంచవలెనని గృహిణులకు తెలుపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

పైన వివరించినదానినిబట్టి ప్రతి పంచాయతీయు ఈ క్రింది విషయములను తీర్మానముగా చేసికొని ఆచరించుట మంచిది.

1. గ్రామములోని ప్రతి బావి, బోరు, చేతిపంపు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫ్లోరైడు ఎంత కలదో పంచాయతీ కార్యాలయమున అందరికిని కనబడునట్లు వ్రాయింపవలెను. హద్దు మీరిన చేతిపంపునకు ఎఱ్ఱరంగు వేయించి, త్రాగుటకు పనికిరాదని తెలుపవలెను.

2. బ్లీచింగు పొడిని కొద్దికొద్దిగా, తయారైన తేదీని చూచి కొనవలెను. మూత బిగిసిన ప్లాస్టిక్ డబ్బాలలో, పొడిగానుండు చీకటి గదిలో ఉంచవలెను. పాత సంచిని ముందు పరీక్షింపక వాడరాదు.

3. రిజిష్టరులో వేసిన పొడి తూకమును మాత్రమే కాక, చివరి కుళాయివద్ద మిగిలిన క్లోరిను ఎంతయో వ్రాయవలెను. తూకము వ్యయమును తెలుపును. మిగిలిన క్లోరినే ఫలితమును తెలుపును.

4. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామములోను అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ నిచ్చుటకు ఏర్పాటు కలదు. వారి చేతికి పరీక్ష పెట్టెను ఇచ్చి, వారు చెప్పిన ఫలితమును సభలో చదివింపవలెను.

5. పాఠశాలలో పిల్లల దంతములను సంవత్సరమునకొకసారి వైద్యునిచే పరీక్ష చేయింపవలెను. పిల్లల పలువరుసపై గార కనబడినచో, అది ఆ ఊరి నీటిని గూర్చిన తొలి హెచ్చరిక.

క్లోరిను ఆకలిగొన్నది గనుక పనిచేయును, పనిచేసి తరుగును. కావున దానిని మరల మరల సమకూర్చి, మిగిలినదానిని కొలువవలెను. ఫ్లోరైడు తృప్తిచెందినది గనుక తరుగదు, మారదు. కావున దానిని తొలగింపవలెను, లేదా వేరు నీటిని తేవలెను. ఈ తేడాను ఎఱిగిన పంచాయతీ, ఫ్లోరైడు బావిలో బ్లీచింగు పొడి వేసి నిశ్చింతగా నుండదు. బలము చచ్చిన పొడిని బావిలో పోసి బాధ్యత తీరినదని తలపదు. ఒక్క ఎలక్ట్రాను కంటికి కనబడదు. కాని దాని లెక్క తప్పినచో కలుగు కష్టము, వంగిన వెన్నులలోను, వర్షాకాలపు అతిసారములోను, ఊరందరి కంటికిని కనబడును.